చెదరని గాడి

ఆర్నెటా ప్రూయిట్ మా స్కీ క్లబ్బుకు మొదటిసారి వచ్చినప్పుడు నేను పొయ్యి దగ్గర తడి చేతితొడుగులు ఆరబెడుతున్నాను. తలుపు తెరుచుకుంది. ముందు ఒక తెల్ల కర్ర లోపలికొచ్చి గడపను తట్టింది. దాని వెనక ఊదారంగు కోటు తొడుక్కున్న నల్లజాతి పెద్దావిడ, ఆవిడ వెనక కూతురు జోస్లిన్. జోస్లిన్ మా ఊరి ఆసుపత్రిలో నర్సు. చూపు పోయిన తల్లిని డెట్రాయిట్ నుంచి తెచ్చుకుందని విన్నాం గానీ ఆవిడను చూడటం అదే మొదలు.

మా ఆల్డర్ బేలో నవంబరులో పడ్డ మంచు ఏప్రిల్ దాకా కదలదు. పిల్లలకు నడక రాగానే కాళ్ళకు స్కీలు తొడిగేస్తాం. అయినా ఆ చెక్కింట్లో, ఆ బల్లల మీద, అలాంటి మనిషి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. మా క్లబ్బు అధ్యక్షుడు గ్లెన్ టర్వో మంచివాడే. గొంతు సవరించుకుని జోస్లిన్‌ను అడిగాడు.

"అమ్మగారి కాలి సైజు ఎంతమ్మా?"

"నా కాళ్ళు నా దగ్గరే ఉన్నాయి బాబూ, నన్నే అడుగు," అంది ఆర్నెటా.

"అంటే... స్కీలు మీకేనా?"

"లేదు, మా పిల్లికి."

గ్లెన్ ఎర్రబడ్డాడు. "అది కాదండీ, మీవైపు వాళ్ళకి ఈ చలి అలవాటుండదేమోనని..."

"డెట్రాయిట్‌లో కొబ్బరిచెట్లున్నాయనుకున్నావా? ఇంజను గడ్డకట్టిన బస్సును తెల్లారకముందే లేపి నడిపినదాన్ని. చలి సంగతి నాకు చెప్పకు."

ఆవిడ సిటీ బస్సు డ్రైవరట. నేను కాఫీ ఇచ్చి, పక్కన ఏలకుల రొట్టె ముక్క పెట్టి కూర్చోబెట్టాను. కప్పును రెండు చేతులతో పట్టుకుని తనంతట తనే చెప్పుకొచ్చింది.

"సెలవు రోజుల్లో స్కూలు పిల్లల్ని కొండకు తీసుకెళ్ళే బస్సు కూడా నడిపేదాన్ని. పిల్లలు దిగి స్కీలు తొడుక్కుని పరిగెత్తేవాళ్ళు. నేను హీటరు వేసుకుని సాయంత్రం దాకా అద్దంలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. మీరూ రండి అని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. నాలాంటి ముఖం అక్కడ ఒక్కటి కనపడి ఉంటే అడిగేదాన్నేమో."

"మరి ఇప్పుడెందుకు అడుగుతున్నారు?" అన్నాను.

"ఇప్పుడు ఎవరి ముఖం ఎలా ఉందో నాకు కనపడదుగా," అని నవ్వింది.

నీటికాసుల జబ్బు ఆవిడ చూపును కొద్దికొద్దిగా తినేసింది. కూతురింటికి వచ్చాక మంచుకు భయపడి గుమ్మం దాటడం మానేసింది. కానీ ఆ ఇంటి కిటికీ కిందుగానే మా స్కీ దారి పోతుంది. రోజూ పొద్దున్న కొత్త గుడ్డ చింపుతున్నట్టు ఒక చప్పుడు వస్తుందట, వచ్చి వెళ్ళిపోతుందట. "అదేంటే?" అని కూతుర్ని అడిగిందట. "స్కీలమ్మా," అందట జోస్లిన్. అప్పటినుంచీ ఆ చప్పుడు ఆవిడను ఇంట్లో కూర్చోనివ్వలేదు.

"వేగం కావాలమ్మా నాకు," అంది ఆర్నెటా. "చూపు పోయిన దగ్గర్నుంచీ నన్ను అందరూ మెల్లగా నడిపిస్తున్నారు. మోచెయ్యి పట్టుకుని, గాజుబొమ్మను మోసినట్టు. నా అంతట నేను పోయి ఎన్నాళ్ళయిందో."

చూపు లేనివాళ్ళకు ముందు ఒకరు స్కీ చేస్తూ నోటితో దారి చెప్పాలని నాకు తెలుసు. ఎవరిని పెట్టాలి? నాకు తట్టిన పేరు ఒక్కటే, మా అన్నయ్య రేనో. రోజూ పొద్దున్నే స్నోమొబైల్ వెనక చట్రం కట్టి ఆ దారిలో స్కీలు పట్టే గాళ్ళు వేసేది వాడే. ఏ మలుపు ఎక్కడుందో వాడి కాళ్ళకు తెలుసు. చిక్కు ఒక్కటే. వాడు మాట్లాడడు. చిన్నప్పటినుంచీ తక్కువే. రెండేళ్ళ కిందట వదిన పోయాక ఆ కాస్తా ఆగిపోయింది. ఆదివారం నా ఇంటికి భోజనానికి వచ్చి, తిని, పళ్ళెం కడిగి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోతాడు. ఇద్దరి మధ్యా గోడ గడియారం ఒక్కటే మాట్లాడుతూ ఉంటుంది.

విషయం చెప్పగానే నేను వాణ్ణి ఏట్లోకి తోసినట్టు చూశాడు. అయినా మర్నాడు క్లబ్బుకు వచ్చాడు, వచ్చి ఆర్నెటా ఎదురుగా నిలబడ్డాడు.

"నాకు మాటలు రావండీ," అన్నాడు.

"నాకు చూపు రాదు," అంది ఆవిడ. "సరిపోయింది. పదండి."

క్లబ్బు వెనక చదునైన మైదానంలో మొదలుపెట్టాం. స్కీలు తొడిగి ఆవిడ పాదాలను రెండు గాళ్ళలో పెట్టాను. ఆవిడ కాసేపు కదల్లేదు. తర్వాత ఒక కాలు ముందుకు జరిపింది, వెనక్కి లాక్కుంది, మళ్ళీ జరిపింది. ముఖమంతా విచ్చుకుంది.

"ఇర్మా, ఇవి పట్టాలే! ట్రాముకు పట్టాలున్నట్టు. కాలు దానంతటదే పోతోంది!"

నేను వెనక వస్తున్నాను, రేనో ముందు పోతున్నాడు. "కుడి," అన్నాడు. చాలాసేపటికి, "ఎడమ," అన్నాడు. ఈ రెంటికీ మధ్య ఆవిడ గాడి తప్పి, కర్రలు గాల్లోకి లేపి, వెల్లకిలా పడింది. నేను పరిగెత్తబోతే చెయ్యెత్తి ఆపింది. మంచులో పడుకునే పిలిచింది.

"రేనో గారూ, బతికే ఉన్నారా?"

"ఉన్నాను."

"మరి ఆ ముక్క చెప్పరేం? మీరు మాట్లాడుతుంటే మీరెక్కడున్నారో తెలుస్తుంది, అటు వస్తాను. మీరు ఆపేస్తే లోకంలో నేనొక్కదాన్నే మిగులుతాను."

"ఏం మాట్లాడమంటారు?"

"ఏదైనా. రాత్రి ఏం తిన్నారు?"

మా అన్నయ్య చాలాసేపు ఆలోచించాడు. "చేప."

"ఏం చేప? వేయించారా, ఉడకబెట్టారా? ఉప్పు సరిపోయిందా? ముళ్ళు తీశారా? చెప్తూ నడవండి."

ఆ చేప వాళ్ళిద్దరినీ మైదానం చుట్టూ తిప్పింది. తర్వాతి రోజు బంగాళదుంపలు తిప్పాయి. వారం తిరిగేసరికి వంటింటి సరుకు అయిపోయి రేనో దారిలోకి వచ్చాడు. "ఇప్పుడు పల్లం. మోకాళ్ళు వంచండి. కుడిపక్క భూర్జ చెట్లు. కొమ్మ మీద నీలిపిట్ట కూర్చుంది, మిమ్మల్నే చూస్తోంది." ఆవిడ ఊరుకునేది కాదు. "ఎలా చూస్తోంది? మెచ్చుకుంటోందా, వెక్కిరిస్తోందా?" రేనో పిట్ట వైపు నిజంగానే తేరిపార చూసి, "వెక్కిరిస్తున్నట్టే ఉంది," అనేవాడు. జనవరి నడిమికి 'మీరు'లు పోయి 'నువ్వు'లు వచ్చాయి.

నేను మాత్రం వెనకే ఉండేదాన్ని. అందుకే నాకు ఆ మాటలన్నీ వినపడేవి.

ఒకరోజు దేవదారు చెట్ల గుంపు దగ్గర రేనో గొంతు నెమ్మదించింది. "ఇక్కడ మా ఆవిడ ఆగేది," అన్నాడు.

"ఎందుకు?" అంది ఆర్నెటా.

"దాహమేస్తోందనేది. దాహం లేదు, ఏమీ లేదు. నాకు ఆయాసం వస్తోందని ఆగేది. ఆ మాట పైకంటే నేను చిన్నబుచ్చుకుంటానని."

"పేరేంటి?"

రేనో ముందుకు చూస్తూనే గొణిగాడు. "ఐలీ."

"వినపడలేదు. నువ్వు గొణిగితే నేను చెట్టుకు గుద్దుకుంటాను."

"ఐలీ!" అన్నాడు మా అన్నయ్య గట్టిగా. అంత్యక్రియల తర్వాత వాడి నోట ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. నేను ఆగిపోయాను. వాళ్ళు మలుపు తిరిగి వెళ్ళిపోయేదాకా కళ్ళు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాను.

మా ఊళ్ళో ఫిబ్రవరి చివర స్కీ పందెం జరుగుతుంది. అడవిలోంచి మొదలై, గడ్డకట్టిన సరస్సు దాటి, మళ్ళీ అడవిలోంచి క్లబ్బుకు చేరాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొస్తాయి. ఆర్నెటా తానూ దిగుతానంది. గ్లెన్ సంబరపడిపోయాడు. కమిటీ సమావేశానికి ఆవిడను పిలిచి అందరి ముందూ చెప్పాడు.

"మీరు రావడం మాకు గౌరవమండీ. ప్రవేశ రుసుము వద్దు. అందరూ బయల్దేరాక, హడావిడి సద్దుమణిగాక, చివర్లో మిమ్మల్ని పంపిస్తాం. తాపీగా రావచ్చు. మీరు వచ్చేదాకా చప్పట్లు కొట్టడానికి మేమంతా ఉంటాం."

అందరూ తలూపారు. ఆర్నెటా ఊపలేదు.

"రుసుము నేను కట్టుకుంటాను. నన్ను ముందు పంపండి," అంది.

"ముందా? ముందు వేగంగా పోయేవాళ్ళు కదండీ..."

"వాళ్ళకు కళ్ళున్నాయి. గాడి చెదిరినా దారి కనపడుతుంది. నాకు కళ్ళు గాడిలోనే ఉన్నాయి బాబూ. మీవాళ్ళంతా దాన్ని తొక్కి పిండి చేశాక నన్ను వదిలితే, నా కళ్ళు పొడిచి పంపినట్టే."

వెనక బల్ల నుంచి ఎవరో గొణిగారు. "ఇన్నేళ్ళ పందెం. ఒక్క మనిషి కోసం పద్ధతి మారుస్తామా?"

ఆర్నెటా ఆ గొంతు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నేను ఒక్కదాన్నే ఎందుకున్నానో, అది కూడా కాస్త ఆలోచించండి," అంది.

గ్లెన్ ఏం చేయాలో తోచక మెడకున్న మఫ్లరు లాగుతూ కూర్చున్నాడు. అప్పుడు ఆర్నెటాయే అంది, "ఆ మెడకున్నది కళ్ళకు కట్టుకో. బయటికి పద. నీకే తెలుస్తుంది."

వెళ్ళాడు. అందుకే గ్లెన్ మంచివాడన్నాను. కళ్ళకు గంతలు కట్టుకుని, రేనో పొద్దున వేసిన గాడిలో మైదానం చివరిదాకా పోయి చేతులూపాడు. తర్వాత పిల్లలు ఆడి ఆడి గుల్ల చేసిన వైపు వదిలాం. నాలుగడుగులు వేసి పక్కకు తిరిగాడు, ఇంకో నాలుగు వేసి తుప్పల్లోకి పోయాడు. అందరం నవ్వాం. గ్లెన్ నవ్వలేదు. పడ్డచోటే కూర్చుని గంతలు విప్పుకున్నాడు.

"నా ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు," అన్నాడు మెల్లగా. మంచు దులుపుకుంటూ, "అర్థమైందండీ. కానీ వెనకనుంచి కుర్రాళ్ళు ఈదురుగాలిలా వస్తారు. గుద్దితే మీకే దెబ్బ," అన్నాడు.

గోడకు ఆనుకుని నిలబడ్డ మా అన్నయ్య నోరు విప్పాడు. ఆ కమిటీలో వాడు ఎన్నో ఏళ్ళుగా ఉన్నాడు గానీ వాడి గొంతు అక్కడ ఎవరూ ఎరగరు. "పక్కపక్కనే రెండు జతల గాళ్ళు వేస్తాను. మేం కుడివైపు దాన్లో ఉంటాం. వాళ్ళు ఎడమవైపు పోతారు. కుర్రాళ్ళకు కళ్ళున్నాయిగా, వాడుకుంటారు."

చేతులెత్తించారు. ఎత్తనివాళ్ళూ ఉన్నారు. అయినా నెగ్గింది.

పందెం రోజు ఆకాశం తేటగా ఉంది. అందరికంటే ముందు గీత దగ్గర ఆర్నెటా, రేనో, వెనక నేను. జోస్లిన్ తల్లి టోపీ సర్దుతూ, "మమ్మా, కష్టమనిపిస్తే ఆగిపో. ఎవరూ ఏమీ అనుకోరు," అంది.

"నేననుకుంటాను," అంది తల్లి. "నువ్వు పక్కకు జరుగు, బస్సు బయల్దేరుతోంది."

అడవిలో హాయిగా సాగింది. రేనో వేసిన గాళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆర్నెటా కాళ్ళ కింద అదే చప్పుడు, కొత్త గుడ్డ చింపుతున్నట్టు. ఇప్పుడు అది ఆవిడదే. కుర్రాళ్ళు వెనకనుంచి వచ్చి "ఎడమ పక్కనుంచి వస్తున్నామండీ!" అని అరుస్తూ దాటిపోతున్నారు. "పొండి పొండి, టిక్కెట్టు తీసుకోకుండా ఎక్కారు!" అని ఆవిడా కేకేస్తోంది.

సరస్సు మీదికి రాగానే అంతా తారుమారైంది. చెట్ల చాటు పోయింది. పడమటి గాలి పొడిమంచును దొర్లించుకుంటూ వచ్చి గాళ్ళను పూడ్చేసింది. నా కంటికే దారి ఆనడం లేదు. రేనో ముందు నుంచి అరుస్తున్నాడని వాడి భుజాలు చూస్తే తెలుస్తోంది గానీ, మాట మా దాకా రాకముందే గాలి ఎగరేసుకుపోతోంది. ఆర్నెటా కాలితో గాడిని వెతికింది. దొరకలేదు. ఆగిపోయింది. రెండు కర్రలూ మంచులో గుచ్చి తల అటూ ఇటూ తిప్పుతోంది. అన్నాళ్ళలో ఆవిడ ముఖంలో భయం చూడటం అదొక్కసారే.

"రేనో?" అంది. నాకే లీలగా వినపడింది. "రేనో, ఎక్కడున్నావు?"

వాడు తిరిగి చూశాడు. వెనక్కి వచ్చి, ఆయాసపడుతూ తన కర్ర కొసను ఆవిడ చేతిలో పెట్టాడు. "పట్టుకో. ఒడ్డుదాకా లాక్కెళ్తాను."

ఆవిడ కర్రను తడిమి చూసి తిరిగి ఇచ్చేసింది. "లాగించుకోవడానికి రాలేదు."

"నా మాట వినపడ్డం లేదుగా నీకు!"

"వినపడేట్టు చెప్పు!"

మా అన్నయ్య అక్కడ నిలబడి గాలికి ముఖం పెట్టాడు. నేను ఇక వెనక్కి తిరగడమేనని అనుకున్నాను. వాడు గాడి వదిలేసి, మెత్తటి మంచులోకి దిగి, గాలి వచ్చే వైపున ఆవిడ పక్కకు చేరాడు. అక్కడినుంచి మాట్లాడితే గాలి తనే మాటను మోసుకొచ్చి ఆవిడ చెవిలో వేస్తుంది. మంచుపొడి అంతా వాడి చెంప మీద కొడుతోంది. ఆ చెంప పక్కనుంచి వాడు అరవడం మొదలుపెట్టాడు.

"ఇటు! నా గొంతు ఎడమ భుజానికి తగిలేట్టు ఉంచుకో! అంతే! నేరుగా పో!"

"మాట్లాడుతూ ఉండు!"

"ఏం మాట్లాడను!"

"మళ్ళీ మొదటికొచ్చావా!"

వాడు మాట్లాడాడు. గాలికి వినపడాలి కాబట్టి గొంతు చించుకుని మాట్లాడాడు. ఐలీ ఇదే సరస్సు మీద తనను పందెంలో ఓడించిందని, ఆ సాయంత్రమే తనను పెళ్ళాడమని ఆవిడను అడిగాడని, "నన్ను దాటగలిగినప్పుడు చూద్దాం," అందని, ఎప్పటికీ దాటలేకపోయినా చివరికి ఆవిడే జాలిపడి ఒప్పుకుందని. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో చెప్పాల్సినవి చాలా ఉండి కూడా తాను పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయానని. ఇల్లు ఎంత ఖాళీగా ఉందో. ఆవిడ కాఫీ కప్పు ఇంకా కొక్కేనికే వేలాడుతోందని. ఊళ్ళోవాళ్ళు పక్కనుంచి దాటిపోతున్నారు. దాటేటప్పుడు వేగం తగ్గిస్తున్నారు, తల తిప్పకుండా వింటున్నారు, మళ్ళీ పోతున్నారు. వాడికి ఎవరూ కనపడటం లేదు. ఆర్నెటా ముఖం ముందుకు పెట్టి, ఎడమ చెవి వాడికి అప్పగించి, కాలు వెనక కాలు వేస్తోంది. ఆవిడ చెంపల మీద నీళ్ళు గడ్డకడుతున్నాయి. గాలికో, మరి దేనికో.

ఒడ్డు చేరి చెట్లలోకి రాగానే గాలి పడిపోయింది. రేనో గొంతు ఇంకా అంతే గట్టిగా ఉంది.

"ఇక అరవక్కర్లేదులే," అంది ఆర్నెటా. "ఇంతవరకూ బాగా నడిపావు."

అప్పుడు చూసుకున్నాడు చుట్టూ. సిగ్గుతో టోపీ కిందికి లాక్కున్నాడు. కానీ మాట ఆపలేదు, నెమ్మదిగా చెప్తూనే ఉన్నాడు. మేం క్లబ్బుకు చేరేసరికి చాలామంది వచ్చేశారు, మా వెనక ఇంకా కొందరున్నారు. చప్పట్లు మామూలుగానే పడ్డాయి, అందరికీ పడినట్టే. ఆవిడకు అదే నచ్చింది. గ్లెన్ అందరికీ ఇచ్చినట్టే ఆవిడకూ లోపల కూర పెట్టి కాల్చిన వేడి పాస్టీ చేతిలో పెట్టి, "ఎలా ఉందండీ?" అన్నాడు. "బంగాళదుంప ఎక్కువైంది, మాంసం తక్కువైంది," అంది ఆవిడ. జోస్లిన్ మాత్రం తల్లి భుజం మీద తలపెట్టి ఏడ్చింది. "ఆగిపొమ్మన్నాను నిన్ను," అంటూ ఏడ్చింది.

వసంతంలో కమిటీ మళ్ళీ కూర్చుంది. మొదటి వరుసలో చెదరని గాడిలో బయల్దేరాలనుకునే ఎవరైనా అలా బయల్దేరవచ్చని, కారణం చెప్పనక్కర్లేదని రాసుకున్నారు. మోకాళ్ళు అరిగిన ముసలమ్మ ఒకావిడ, కూర్చుని నడిపే స్కీ ఉన్న పక్క ఊరి కుర్రాడు అప్పుడే గ్లెన్‌కు ఫోన్లు చేశారు. ఆర్నెటా డెట్రాయిట్‌లోని తన పాత బస్సు స్నేహితురాళ్ళకు ఫోన్ చేసి, వచ్చే చలికాలం రమ్మని బెదిరిస్తోంది. ఇద్దరు రామన్నారట. ముగ్గురు ఆలోచిస్తామన్నారట. "ఆలోచిస్తామన్నవాళ్ళే వస్తారు చూడు," అంది నాతో.

మంచు కరిగి దారంతా బురదైన రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను జోస్లిన్ ఇంటికి రొట్టె ఇవ్వడానికి వెళ్ళాను. ఆర్నెటా, నేనూ వంటింట్లో ఉండగా తలుపు చప్పుడైంది. రేనో. స్కీలు లేవు, యంత్రం లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"నడకకు వెళ్దామా అని," అన్నాడు.

"మంచు లేదుగా. రోడ్డు మీద నడవడానికి నాకు కర్ర ఉంది. నువ్వెందుకు?" అంది ఆర్నెటా.

వాడు గుమ్మంలో బూట్ల బురద గీకాడు. "ఊరికే," అన్నాడు.

ఆవిడ లేచి ఊదారంగు కోటు అందుకుంది. కిటికీలోంచి వాళ్ళను చూస్తూ నిలబడ్డాను. బురద తప్పించుకుంటూ, పక్కపక్కనే, నెమ్మదిగా సరస్సు వైపు పోతున్నారు. ఆవిడ కర్ర ఆడిస్తోంది. మా అన్నయ్య చెయ్యెత్తి దేన్నో చూపిస్తున్నాడు, చూపించడం ఎందుకని గుర్తొచ్చి చెయ్యి దించేస్తున్నాడు, మళ్ళీ ఎత్తుతున్నాడు. ఏం చెప్తున్నాడో ఈసారి నాకు వినపడలేదు. నేను రొట్టె కోసి, వాళ్ళిద్దరికీ చెరో రెండు ముక్కలు తీసి గుడ్డ కప్పాను.